మజ్జిగ తాగితే తగ్గుతుందన్నారు

మందుల షాపు ముందు ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారని, వాళ్లు వెళ్లేదాకా పక్కనున్న ఫ్యాన్సీ షాపులో గాజులు చూస్తూ గడిపిన సాయంత్రం నాకింకా గుర్తుంది. గాజులు కొనే ఉద్దేశం లేదు. అసలు నిలబడే ఓపికే లేదు. పొద్దున్నుంచి పదిసార్లు బాత్రూంకి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకే నిప్పులు పోసినట్టు మంట. చివరికి కౌంటర్ ఖాళీ అయ్యాక వెళ్లి, గొంతు బాగా తగ్గించి, "యూరిన్‌కి వెళ్తుంటే మంటగా ఉంది" అన్నాను. ఆ అబ్బాయి తలెత్తకుండానే "వేడి చేసుంటుంది మేడం" అని, ఆరు మాత్రలున్న షీటు, ఒక గులాబీ రంగు సిరప్పు కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు. డాక్టరు చీటీ అడగలేదు. ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా అని కూడా అడగలేదు. అడగనందుకు ఆ రోజు నాకు హాయిగానే అనిపించింది.

అది మార్చిలో. జూన్‌లో బడి తెరిచిన వారానికే మళ్లీ వచ్చింది. దసరా సెలవుల్లో ఇంకోసారి. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు నాలుగోసారి, ఈసారి మూత్రంలో సన్నటి ఎర్ర చారతో. మొదటి మూడుసార్లూ అదే షాపు, ఇంచుమించు అలాంటి మాత్రలే. రెండు రోజులకి మంట తగ్గేది. తగ్గగానే మిగిలిన మాత్రలు బిస్కెట్ల డబ్బాలో పడేసేదాన్ని, మళ్లీ అవసరమైతే పనికొస్తాయని. మా అత్తగారు మజ్జిగ తాగితే తగ్గుతుందన్నారు. పక్కింటి పిన్ని సబ్జా గింజలు నానబెట్టి గ్లాసుతో పంపింది. తోటి టీచరు ధనియాల నీళ్లు చెప్పింది. అందరిదీ ప్రేమే. అందరూ చెప్పిన కారణం కూడా ఒక్కటే: వేడి.

ఆ మాటతోనే నాకు పేచీ. వేడి అనగానే కారణం దొరికిపోయినట్టుంటుంది, ఇక అడగాల్సింది ఏమీ మిగలదు. ఎండాకాలమైతే ఎండ, లేదంటే ఆవకాయ, అదీ కాకపోతే మొన్న తిన్న కోడికూర. నెపం వేయడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. ఏడాదిలో నాలుగుసార్లు వచ్చినా, నాలుగూ వేరువేరు సంగతులన్నట్టు ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకుంటూ పోయాను నేను. డాక్టర్ల లెక్క వేరు. 6 నెలల్లో 2 సార్లో, ఏడాదిలో 3 సార్లో వస్తే దాన్ని విడిగా చూస్తారు, రికరెంట్ యూటీఐ అంటారు, అంటే మళ్లీ మళ్లీ వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్. ఆ గీత దాటాక అడగాల్సింది "ఏ మందు వేసుకోవాలి" అని కాదు, "ఎందుకు తిరిగి వస్తోంది" అని. మనింట్లో, మన మందుల షాపులో, చాలా క్లినిక్కుల్లో కూడా ఈ రెండో ప్రశ్న దాకా ఎవరూ రారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు, లోపల జరిగేది ఏమిటో చెప్తాను. చాలాసార్లు ఇది ఈ.కోలై అనే బ్యాక్టీరియా పని. అదెక్కడి నుంచో రాదు, మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ ఉన్నంతకాలం మనకేమీ చేయదు. మలద్వారం దగ్గర నుంచి మూత్రం వచ్చే దారికి చేరి, అక్కడి నుంచి బ్లాడర్‌లోకి, అంటే మూత్రం నిలిచే తిత్తిలోకి, ఎక్కినప్పుడే గొడవ. ఆడవాళ్లకి ఆ దారి పొడవు 4 సెంటీమీటర్లే. మగవాళ్లకి సుమారు 20 సెంటీమీటర్లు. సగానికి పైగా ఆడవాళ్లకి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వస్తుందంటే దానికి మొదటి కారణం ఈ కొలతే. ఇందులో మన తప్పు గానీ, మన తిండి తప్పు గానీ లేదు. బ్యాక్టీరియా బ్లాడర్ గోడకి అంటుకుని పెరిగేలోపు మూత్రం ధారగా బయటికి పోతే చాలావరకు కొట్టుకుపోతుంది. మజ్జిగ, సబ్జా నీళ్లు, కొబ్బరి నీళ్లు తాగితే కాస్త హాయిగా ఉండేది ఇందుకే. అవి చలవ చేసినందుకు కాదు, కడుపులోకి నీళ్లు పోయినందుకు. మా అత్తగారి సలహాలో నిజం ఉంది. కానీ ఆ సలహా అక్కడే ఆగిపోతే, లోపల ఉన్న ఇన్ఫెక్షన్ ఏమిటన్నది ఎవరూ చూడరు.

సంక్రాంతి వెళ్లాక ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఇప్పటిదాకా ఏం వాడారని అడిగింది. పేర్లు గుర్తులేక, మర్నాడు ఆ బిస్కెట్ల డబ్బానే పట్టుకెళ్లాను. ఆవిడ మూత తీసి, సగం సగం వాడిన షీట్లన్నీ బల్ల మీద వరసగా పేర్చింది. ఒకటి ఓఫ్లాక్సాసిన్. రెండు సెఫిక్సిమ్. ఇంకొకటి సిప్రోఫ్లాక్సాసిన్, అది మా వారికి ఎప్పుడో విరేచనాలకి రాసింది, ఒకసారి షాపు మూసేసి ఉంటే వేసుకున్నాను. ఎక్కడా ఐదు రోజుల కోర్సు పూర్తవలేదు. ఆవిడ తిట్టలేదు. "ఈసారి మాత్ర ముందు కాదు, కల్చర్ ముందు" అంది.

యూరిన్ కల్చర్ అన్న మాట నేను అంతకుముందు విన్నాను, కానీ మామూలు యూరిన్ టెస్టూ అదీ ఒకటే అనుకున్నాను. ఒకటి కాదు. మామూలు టెస్టులో పస్ సెల్స్, అంటే చీము కణాలు, ఎన్నున్నాయో చూస్తారు, అంటే లోపల పోట్లాట జరుగుతోందా లేదా అన్నది కొంత తెలుస్తుంది. కల్చర్‌లో ఆ మూత్రంలోని బ్యాక్టీరియాని పెంచి, అదేమిటో గుర్తుపట్టి, ఏ మందుకి చస్తుందో ఏ మందుకి చావదో ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. అందుకే రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వాలి, లేకపోతే ఆ రిపోర్టు తప్పుదోవ పట్టించొచ్చు. ఇచ్చే పద్ధతి కూడా ఉంది: మంచినీళ్లతో కడుక్కుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది సీలున్న కొత్త డబ్బాలో పట్టాలి, డబ్బా అంచుకి చెయ్యీ ఒళ్లూ తగలకూడదు. పట్టాక రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి. ఇంట్లో పొద్దున్నే పట్టి, టిఫినూ క్యారేజీలూ అయ్యాక పది గంటలకి తీసుకెళ్లి ఇస్తే, దారిలోనే బ్యాక్టీరియా పెరిగిపోయి లేని జబ్బు కూడా ఉన్నట్టు కనపడొచ్చు. ఈ నాలుగు ముక్కలూ ల్యాబ్ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. డబ్బా చేతిలో పెట్టి బాత్రూం ఎటో చూపిస్తారు, అంతే.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. నేను లెక్కల టీచర్ని, పట్టికలు చదవడం నాకు అలవాటే. కానీ ఆ పట్టిక చదివితే చేతులు చల్లబడ్డాయి. పైన బ్యాక్టీరియా పేరు, ఈ.కోలై. కింద వరసగా మందుల పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో అక్షరం. ఎస్ అంటే ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఆంపిసిల్లిన్, ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్, ఆర్. ఓఫ్లాక్సాసిన్, ఆర్. సెఫిక్సిమ్, ఆర్. కో-ట్రైమాక్సజోల్, ఆర్. నా బిస్కెట్ల డబ్బా మొత్తం ఆ కాగితం మీద ఆర్ అని రాసుంది. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ ఎదురుగా మాత్రం ఎస్ ఉంది. మిగతా ఎస్‌లన్నీ ఆసుపత్రిలో సూదితో ఎక్కించే మందులే.

ఇది నా ఒక్కదాని రిపోర్టు కథ కాదు. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ ఏటేటా మన దేశంలోని పెద్దాసుపత్రుల నుంచి ఇలాంటి రిపోర్టులు పోగుచేసి ప్రచురిస్తుంది. అందులోనూ ఈ.కోలై వరసగా ఇదే చెబుతోంది: సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు, సెఫలోస్పోరిన్లు అనే సెఫిక్సిమ్ జాతి మందులు చాలావరకు పనిచేయడం మానేశాయి, నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. ఎందుకిలా అవుతుందన్నది డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. మాత్ర మింగినప్పుడు అది బ్లాడర్‌కే పోదు, ముందు పేగుల్లోకే పోతుంది. అక్కడున్న లక్షల కోట్ల బ్యాక్టీరియాలో ఆ మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకుంటాయి. తర్వాతిసారి బ్లాడర్‌లోకి ఎక్కేది ఆ మిగిలిన వాటి సంతానమే. మార్చిలో నేను తెలియక మింగిన ఆరు మాత్రలు జూన్‌లో వచ్చే జబ్బుని మరింత మొండిగా తయారుచేసి ఉంటాయి. అలా చూస్తే అవి నాలుగు విడివిడి జబ్బులు కావు, ఒకదానికొకటి పునాది వేసుకుంటూ వచ్చినవి.

సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ గురించి ఇంకో మాట. వేరే దారి ఉన్నంతవరకు మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్లకి ఇవి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది, కండరాలకీ, కీళ్లకీ, నరాలకీ చేసే చెరుపు ఎక్కువని. మన దేశంలో కూడా లీవోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే ఎవరికి అమ్మారో పుస్తకంలో రాసుకోవాలి. షీటు మీద ఎర్ర గళ్లో హెచ్చరిక కూడా ఉంటుంది. నా డబ్బాలో ఉన్న సెఫిక్సిమ్ షీట్ల మీద ఆ ఎర్ర గడి ఉంది. ఏడాదిపాటు నా కళ్ల ముందే ఉన్నా నేను చదవలేదు.

డాక్టరమ్మ నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులకి రాసిచ్చింది. అన్నం తిన్నాకే వేసుకోమంది, మూత్రం ముదురు పసుపుగానో గోధుమ రంగుగానో వస్తే భయపడొద్దని ముందే చెప్పింది. తర్వాత ఆ గులాబీ సిరప్పు గురించి నేనే అడిగాను. అది మూత్రంలో ఆమ్లం తగ్గించే మందు. మంట కాస్త ఉపశమించినట్టు ఉంటుందేమో గానీ నైట్రోఫ్యురాంటోయిన్ సరిగ్గా పనిచేయాలంటే మూత్రం ఆమ్లంగానే ఉండాలి. రెండూ కలిపి ఇస్తే ఒకదాని చేయి ఇంకోటి పట్టుకుని లాగినట్టే. మన షాపుల్లో ఆ రెండూ ఒకే కవర్లో వస్తాయి.

అయితే కల్చర్ కావాలని నేను ఇంత గట్టిగా అంటున్నానని, ఏ బాధా లేనప్పుడు కూడా చేయించుకోమని కాదు. ఈ తేడా ముఖ్యం. మా అమ్మకి ఒకసారి హెల్త్ చెకప్ ప్యాకేజీలో పస్ సెల్స్ కనపడ్డాయని, మంట లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు, అయినా వారం రోజులు యాంటీబయాటిక్ వాడించారు. ఒంట్లో బాధ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం, ముఖ్యంగా పెద్దవాళ్లలో, మామూలే. 2012లో ఇటలీలో 673 మంది ఆడవాళ్ల మీద అధ్యయనం చేశారు. మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లే అందరూ, కానీ పరీక్ష నాటికి ఏ బాధా లేనివాళ్లు. మందు వాడినవాళ్లకే తర్వాతి ఏడాదిలో ఇన్ఫెక్షన్ ఎక్కువగా తిరిగొచ్చింది, వాడనివాళ్లకి కాదు. బాధపెట్టకుండా కూర్చున్న బ్యాక్టీరియా కొన్నిసార్లు బాధపెట్టేదాన్ని రానివ్వదు. గర్భిణుల విషయం మాత్రం వేరు. వాళ్లకి ఏ బాధా లేకపోయినా కల్చర్ చేయాలి, ఉంటే వైద్యం చేయాలి.

మందు పనిచేసింది. ఐదు రోజుల్లో మామూలు మనిషినయ్యాను. కానీ ఎందుకు తిరిగి వస్తోందన్న ప్రశ్న అలాగే ఉంది. డాక్టరమ్మ అడిగింది: "రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారు?" నేను లీటరు బాటిల్ పట్టుకెళ్తాను బడికి, అదే చెప్పాను. "తీసుకెళ్లేది కాదు, తాగేది చెప్పండి" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి బాటిల్ చూశాను. ముప్పావు వంతు అలాగే ఉంది. అది ఆ ఒక్కరోజు సంగతి కాదు, ఎన్నో ఏళ్ల అలవాటు. నేను పనిచేసే బడిలో అప్పట్లో టీచర్లకీ ఆడపిల్లలకీ కలిపి పనికొచ్చే మరుగుదొడ్డి ఒక్కటే. దాని తాళం ఆఫీసు గదిలో. మోటారు వేస్తే తప్ప అందులో నీళ్లు రావు. తాళం కోసం ఆఫీసు గదిలోకి వెళ్లి, అక్కడ కూర్చున్న మగవాళ్లందరి ముందు అడిగి, మోటారు వేయించి, అప్పుడు వెళ్లాలి. ఎవరైనా ఏం చేస్తారు? తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా నీళ్లు తాగకుండా ఉండటం నేర్చుకుంటారు. గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలు, అంతే. నాకు అది క్రమశిక్షణలాగే అనిపించేది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కూడా అదే క్రమశిక్షణ నేర్చుకుంటుంటే చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నీళ్ల సంగతి ఉత్త పెద్దల మాటగా కొట్టిపారేయడానికి లేదు. 2018లో బల్గేరియాలో 140 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన ఉంది. అందరికీ అంతకుముందు ఏడాదిలో కనీసం 3 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, అందరూ రోజుకి లీటరున్నర కన్నా తక్కువ తాగేవాళ్లే. సగం మందిని రోజూ తాగేదానికి తోడు ఇంకో లీటరున్నర నీళ్లు తాగమన్నారు, మిగతావాళ్లని ఎప్పటిలాగే ఉండమన్నారు. ఏడాది తిరిగేసరికి ఎక్కువ తాగినవాళ్లకి సగటున 1.7 సార్లు వచ్చింది, మిగతావాళ్లకి 3.2 సార్లు. యాంటీబయాటిక్ వాడకం కూడా దాదాపు సగానికి తగ్గింది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది సీసా నీళ్లు అమ్మే కంపెనీయే, ఆ సంగతీ చెప్పాలి. అయినా మామూలు మంచినీళ్లకీ ఇది వర్తిస్తుంది. గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు.

సరే, లీటరున్నర ఎక్కువ తాగాలి. తాగి ఎక్కడికి వెళ్లాలి? ఈ వైద్య సలహాలో మనవాళ్లు దాటేసే ముక్క ఇదే. నీళ్లు బాగా తాగండమ్మా అని చెప్పడం సులువు. బట్టల షాపులో పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడి చీరలు విప్పి మడతపెట్టే అమ్మాయికి ఆ మాట చెప్పి చూడండి. మా ఊళ్లో నేను ఎప్పుడూ వెళ్లే షాపులో ఒకమ్మాయిని అడిగాను, పండగ సీజన్లో మీరు మధ్యలో బాత్రూంకి వెళ్తారా అని. "పైన నాలుగో అంతస్తులో ఉంది మేడం, సూపర్‌వైజర్‌కి చెప్పి వెళ్లాలి. రెండుసార్లు వెళ్తే ఏమైందంటారు" అంది. "అందుకే మధ్యాహ్నం అన్నంలో కూడా నీళ్లు తాగను." ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో.

కేరళలో ఇలాంటి అమ్మాయిలే ఈ విషయం మీద వీధికెక్కారు. కోళిక్కోడ్‌లోని మిఠాయి తెరువులో, అంటే బట్టల షాపులు కిక్కిరిసి ఉండే బజారులో, కుట్టుపని చేసే విజి అనే ఆవిడ పెణ్‌కూట్టు అనే ఆడవాళ్ల సంఘం కట్టింది. వాళ్ల మొదటి డిమాండ్ జీతం కాదు, మరుగుదొడ్డి. తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో తాగునీరు, మరుగుదొడ్లు తప్పనిసరి అని 1948 చట్టంలోనే ఉంది. కోర్టుల ఆవరణల్లో మరుగుదొడ్ల కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరి 15న తీర్పు చెబుతూ, ఈ వసతి 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. కోర్టుల్లో పనిచేసే ఆడవాళ్లకే ఇన్నేళ్లు దిక్కు లేకపోతే సంతలో కూరగాయలు అమ్మే ఆవిడ సంగతి చెప్పేదేముంది? యూరిన్ ఇన్ఫెక్షన్ గురించి మాట్లాడేటప్పుడు చట్టాల గురించి ఎందుకు అంటారా? తాళం ఆఫీసు గదిలో ఉన్నంతకాలం ఏ డాక్టరు ఎన్ని లీటర్లు రాసినా నేను తాగేదాన్ని కాదు కనక.

ఇక నిందల సంగతి. ఆడదానికి మళ్లీ మళ్లీ ఈ జబ్బు వస్తోందంటే శుభ్రత లేదని తేల్చేస్తారు. ఆ నిందకి భయపడి మనం రెట్టింపు శుభ్రం చేసుకుంటాం, సబ్బుతో, డెట్టాల్‌తో, టీవీలో చూపించే ఇంటిమేట్ వాష్‌లతో. యోని లోపల ఉండే లాక్టోబాసిలస్ అనే మంచి బ్యాక్టీరియానే మనకి కాపలా. అది ఆమ్లాన్ని తయారుచేస్తూ ఈ.కోలైని దగ్గరికి రానివ్వదు. ఈ వాష్‌లు ఆ కాపలానే దెబ్బతీస్తాయి. మంచినీళ్లు చాలు. అమెరికాలో 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తుడుచుకునే పద్ధతికీ, లోదుస్తులకీ, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్‌కీ సంబంధం కనపడలేదు. కనపడినవి వేరు: తరచుగా శారీరక సంబంధం, స్పెర్మిసైడ్ (గర్భం రాకుండా వీర్యకణాల్ని చంపే మందు) వాడకం, చిన్నతనంలోనే మొదటి ఇన్ఫెక్షన్ రావడం, తల్లికి కూడా ఈ చరిత్ర ఉండటం. ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం మంచి అలవాటే, మానక్కర్లేదు. కానీ అది చేయనందుకే నీకు వచ్చిందని ఎవరన్నా అంటే నమ్మొద్దు. కొత్తగా పెళ్లైన అమ్మాయిలకి ఈ బాధ ఎక్కువ. సిగ్గుపడి చెప్పుకోరు, చెప్తే ఇంట్లో ఏదేదో అనుకుంటారని భయం. భార్యాభర్తలు కలిసిన తర్వాత బాత్రూంకి వెళ్లి రావడంలో పోయేదేమీ లేదు. అయినా పదేపదే వస్తుంటే డాక్టర్ని అడగాలి, దానికి తగ్గ నివారణ మందులు ఉన్నాయి. ఈ మాట పెళ్లికి ముందు కూతురికి చెప్పే తల్లులు ఎంతమంది ఉన్నారు?

తల్లికీ ఈ చరిత్ర ఉండటం అన్నాను కదా. మా అమ్మకి అరవై ఎనిమిది. నా సంగతి విన్నాకే తన సంగతి బయటపెట్టింది, "నాకు మూడేళ్లుగా ఉందే" అని. మూడేళ్లుగా! షుగరు లేదు, రాళ్లు లేవు, స్కానింగ్ బాగానే ఉంది. రెండు మూడు నెలలకోసారి మంట, ఒకటే పరుగులు, ఊరికి రమ్మంటే దూరం బస్సెక్కలేనని సాకులు. మేం ఆ సాకుల్ని వయసు మీదకి తోసేశాం.

నా డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ యాంటీబయాటిక్ రాయలేదు, చిన్న క్రీము ట్యూబు రాసింది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. దాంతో అక్కడి చర్మం పలచబడి పొడిబారుతుంది, లాక్టోబాసిలస్‌కి తిండి కరువై అది మాయమవుతుంది, ఆ ఖాళీ చోట ఈ.కోలై చేరుతుంది. క్రీము రూపంలో లోపల ఈస్ట్రోజెన్ రాస్తే ఆ కాపలా మళ్లీ వస్తుంది. ఇదేమీ నిన్నా మొన్నా కనిపెట్టింది కాదు. 1993లో ఇజ్రాయెల్‌లో 93 మంది పెద్ద వయసు ఆడవాళ్ల మీద పరీక్షించి ప్రచురించారు. ఉత్త క్రీము రాసుకున్నవాళ్లకి ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మందున్న క్రీము రాసుకున్నవాళ్లకి 0.5. నెల తిరిగేసరికి మందు వాడినవాళ్లలో పదిమందిలో ఆరుగురికి లాక్టోబాసిలస్ తిరిగొచ్చింది, ఉత్త క్రీము వాళ్లలో ఒక్కరికీ రాలేదు. ముప్పై ఏళ్లు దాటింది ఈ సంగతి తెలిసి. ఆ మూడేళ్లలో మా అమ్మ చేత ఎన్ని కోర్సుల యాంటీబయాటిక్ మింగించారో లెక్క లేదు, ఈ ట్యూబు గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇది నన్ను నిజంగా మండించింది, ఇప్పటికీ మండిస్తోంది. మెనోపాజ్ అయిపోయిన ఆడదానికి అక్కడ వైద్యం దేనికి అన్న ఆలోచన ఎక్కడో అందరి మనసుల్లో ఉంది, ఆడవాళ్ల మనసుల్లో కూడా.

అమ్మ మొదట ట్యూబు ముట్టుకోలేదు. "ఈ వయసులో ఇదేంటే, సిగ్గులేకుండా" అని దేవుడి గూటి కిందున్న అలమరలో చీరల అడుగున దాచింది. వారం తర్వాత నేనే అడిగాను. "అమ్మా, కాళ్లకి పగుళ్లొస్తే వ్యాజ్‌లైన్ రాసుకోవూ? ఇదీ అంతే." ఏం మాట్లాడలేదు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, "ట్యూబు అయిపోవచ్చింది, ఇంకోటి పంపు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ఇది మొదలుపెట్టే ముందు తమ క్యాన్సర్ డాక్టర్ని తప్పకుండా అడగాలి.

ఇవి కాక జనం ఎక్కువగా అడిగేవి కొన్ని. క్రాన్‌బెర్రీ అనే విదేశీ పండు: 50 అధ్యయనాలు కలిపి 2023లో, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చే ఆడవాళ్లలో ముప్పు నాలుగో వంతు దాకా తగ్గిస్తుందని తేలింది. వచ్చేసిన ఇన్ఫెక్షన్‌ని తగ్గించదు, ఖరీదు కూడా ఎక్కువే. డి-మానోజ్ అనే ఒక రకం చక్కెర పొడి: 2024లో బ్రిటన్‌లో 598 మంది మీద చూశారు, మందు లేని ఉత్త పొడికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. దాని మీద డబ్బు పెట్టొద్దనే అంటాను. మెథినమైన్ అనే పాత మందు మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. అది యాంటీబయాటిక్ కాదు, మూత్రంలో విడిపోయి బ్యాక్టీరియాని చంపుతుంది. 2022లో బ్రిటన్‌లో 240 మంది మీద చేసిన పరిశోధనలో, రోజూ చిన్న మోతాదులో యాంటీబయాటిక్ వాడటానికి ఇది ప్రత్యామ్నాయంగా నిలబడింది. డాక్టర్ని పేరుపెట్టి అడగండి.

పల్లేరు కాయల కషాయం, బార్లీ నీళ్లు తాగేవాళ్లని నేను వద్దనను. కానీ చలితో జ్వరం వచ్చినా, నడుం పక్కన డొక్కలో నొప్పి మొదలైనా, వాంతులైనా అది కిడ్నీ దాకా ఎక్కిందని అర్థం. అప్పుడు కషాయం కాచుకుంటూ కూర్చోకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ, మగవాళ్లకీ వస్తే మొదటిసారే డాక్టర్ని చూడాలి. షుగరు ఉన్నవాళ్లు షుగరు అదుపులో ఉందో లేదో కూడా చూసుకోవాలి. మంట అంతా మూత్రం ఇన్ఫెక్షనే కాదు, దురద, తెల్లబట్ట ఉంటే అది ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వేస్తే ఇంకా ముదురుతుంది.

మా బడికి తర్వాత కొత్త మరుగుదొడ్లు కట్టారు, ట్యాంకు పెట్టి కుళాయిలు వేశారు, ఇప్పుడు తాళం లేదు. నేను లీటరు బాటిల్ రెండుసార్లు నింపుకుంటాను. నాకు మళ్లీ రాలేదని చెప్పను, రెండేళ్లలో ఒకసారి వచ్చింది. కల్చర్ ఇచ్చాకే మందు వేసుకున్నాను, కోర్సు పూర్తి చేశాను. బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు బటన్లు, దారపు ఉండలు ఉన్నాయి.

ఎండాకాలంలో మా దగ్గర వాటర్ బెల్ కొడతారు. 2019లో కేరళ బడుల్లో మొదలైన అలవాటు, ఇప్పుడు మన బడుల్లోనూ ఉంది. గంట మోగగానే పిల్లలందరూ నీళ్లు తాగాలి. నేను మొన్న ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతిలో గమనించాను. మగపిల్లలు బాటిళ్లు ఎత్తి గటగటా తాగేశారు. ఆడపిల్లల్లో సగం మంది మూత తీసి, పెదాలు తడుపుకుని, మళ్లీ మూత పెట్టేశారు. చివరి బెంచీలో కూర్చునే పిల్లని పిలిచి అడిగాను. "తాగితే క్లాసు మధ్యలో లేవాలి కదా టీచర్, సార్లు ఒప్పుకోరు" అంది.

మర్నాడు హెడ్‌మాస్టరు గారి గదికి వెళ్లి, స్టాఫ్ మీటింగ్‌లో ఈ విషయం పెట్టమని అడిగాను. మీటింగ్‌లో మగ టీచర్ల ముందు, యూరిన్ ఇన్ఫెక్షన్ అన్న మాట వాడే చెప్పాను. ఒకరిద్దరు కాగితాల్లోకి తలదించుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు: నీళ్ల గంట కొట్టిన ఐదు నిమిషాలకి ఇంకో గంట, బయటికి వెళ్లాల్సినవాళ్లు అడక్కుండా వెళ్లి రావచ్చు. మొదటి రోజు రెండో గంట మోగినప్పుడు నేను బోర్డు మీద పైథాగరస్ సిద్ధాంతం రాస్తున్నాను. ఎవరూ కదల్లేదు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, బాటిల్ తీసి తాగాను. ముందు వరసలో ఇద్దరు లేచారు. వాళ్ల వెనక చివరి బెంచీ పిల్ల.